రక్తం తక్కువైంది సరే, ఎందుకు తక్కువైంది?

(హైదరాబాద్‌ చిక్కడపల్లిలో ఒక ఆదివారం ఉదయం కాలనీవాసుల కోసం ఒక రక్తవ్యాధుల వైద్యురాలు చేసిన ప్రసంగం. ఒకే మాట రెండుసార్లు వచ్చినచోట మాత్రం కత్తిరించాం.)

అందరికీ నమస్కారం. వెనక కుర్చీల దాకా వినబడుతోందా? సరే.

ముందు మిమ్మల్ని ఒకటి అడుగుతాను. చిన్నప్పుడు వంటింట్లో డబ్బా మూత తీసి పచ్చి బియ్యం నోట్లో వేసుకుంటే ఇంట్లో ఏమని తిట్టేవాళ్ళు? ఆ, అదే. "పెళ్ళిలో వాన పడుతుంది" అని. నన్నూ అలాగే తిట్టారు. నా పెళ్ళి నడి వేసవిలో అయింది, చుక్క వాన పడలేదు. (నవ్వులు) మరి బలపాలు తిన్నవాళ్ళు? చేతులు ఎత్తడానికి సిగ్గుపడుతున్నారు గానీ, మీ మొహాలు చూస్తే తెలుస్తోంది.

నా దగ్గరికి వచ్చే ఆడపిల్లల్లో, తల్లుల్లో చాలామంది ఈ సంగతి తమంతట తాము చెప్పరు. అడిగితే చెప్తారు. బియ్యం, బలపాలు, మట్టి, ఈ మధ్య ఫ్రిజ్‌లో ఐసు ముక్కలు. నోట్లో వేసి కరకరా నమలకపోతే ఉండలేరు. అది అలవాటు కాదు, మొండితనమూ కాదు. ఒంట్లో ఐరన్ తగ్గినప్పుడు కనిపించే లక్షణం. ఐరన్ ఇస్తే ఆ కోరిక చాలామందిలో కొద్ది రోజుల్లోనే పోతుంది, హిమోగ్లోబిన్, అంటే ఎర్రకణాల్లో ఆక్సిజన్ మోసే పదార్థం, ఇంకా పెరగకముందే. ఇంట్లో పెద్దవాళ్ళు గుర్తుపట్టారు, కాకపోతే వాన దగ్గర ఆగిపోయారు.

నేను ఇవాళ చెప్పాలనుకున్నది కూడా అదే. గుర్తుపట్టడం దగ్గర ఆగిపోకండి. "రక్తం తక్కువగా ఉంది" అనేది జబ్బు పేరు కాదు. "జ్వరం వచ్చింది" అన్నట్టే. ఎందుకు వచ్చింది అనేది అసలు ప్రశ్న. మన దగ్గర ఆ ప్రశ్న అడగకుండానే టానిక్ సీసా ఇంటికి వచ్చేస్తుంది.

మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది. ఐదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం. అంటే ఈ హాల్లో కూర్చున్న ఆడవాళ్ళలో సగం మందికి పైగా. వంద మిల్లీలీటర్ల రక్తంలో హిమోగ్లోబిన్ ఆడవాళ్ళకు 12, గర్భిణులకు 11, మగవాళ్ళకు 13 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటాం. "నాకు పది ఉంది డాక్టర్, మాకందరికీ అంతే, అది మా వంశం" అని ఒకావిడ ధీమాగా చెప్పింది. వంశం సంగతి తర్వాత చెప్తాను, అందులో నిజం ఉండొచ్చు.

ముందు ఐరన్ లెక్క చూద్దాం. ఇది జీతం, ఖర్చు లెక్క లాంటిదే. పెద్దవాళ్ళ ఒంట్లో మొత్తం ఐరన్ మూడు నాలుగు గ్రాములు, ఒక మేకు చేయడానికి సరిపోయేంత. రోజూ తిండిలోంచి ఒంటికి పట్టేది ఒకటి, మహా అయితే రెండు మిల్లీగ్రాములు. రోజువారీ ఖర్చు ఒక మిల్లీగ్రాము. నెలంతా కలిపితే అటూ ఇటూ సరిపోతుంది. ఇప్పుడు బహిష్టు ఖర్చు కలపండి. ఒక మిల్లీలీటరు రక్తంలో అర మిల్లీగ్రాము ఐరన్ ఉంటుంది. 80 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ పోతే అధిక రక్తస్రావం అంటాం, అంటే నెలకు 40 మిల్లీగ్రాములు అదనంగా పోయినట్టు. జీతం పెరగలేదు, ఖర్చు రెట్టింపు దాటింది. ఎన్నేళ్లు నడుస్తుంది ఆ సంసారం? గంటకోసారి ప్యాడ్ మార్చాల్సి రావడం, గడ్డలు పడటం, ఏడు రోజులు దాటడం మామూలు కాదమ్మా. "అందరికీ అంతే కదా" అనుకుని ఇరవై ఏళ్లు ఊరుకున్నవాళ్ళను చూశాను.

తిండి దగ్గర ఒక మాట. బీట్‌రూట్, దానిమ్మ. రెండూ ఎర్రగా ఉంటాయి కాబట్టి రక్తం పడుతుందని నమ్మకం. వంద గ్రాముల దానిమ్మ గింజల్లో ఉండే ఐరన్ అర మిల్లీగ్రాము కూడా కాదు. తినండి, మంచి పండు. రక్తం కోసం మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి. మాంసంలో, లివర్‌లో ఉండే ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. తోటకూర, పప్పుల్లో ఉన్నది తక్కువ పడుతుంది, పైన నిమ్మకాయ పిండుకుంటే ఇంకాస్త పడుతుంది. మన ఊళ్లో అసలు చిక్కు భోజనం కాగానే తాగే చాయ్. ఇరానీ చాయ్ మానేయమని చెప్పి ఈ నగరంలో ఎవరూ బతకలేరు, నేనూ తాగుతాను. భోజనానికీ చాయ్‌కీ మధ్య గంట, రెండు గంటలు ఎడం ఇవ్వండి చాలు.

ఐరన్ నిజంగా తగ్గిపోయాక తిండితో పూడదు, మాత్ర వేసుకోవాలి. రోజుకు మూడు మాత్రలు మింగితే మూడు రెట్లు పడుతుందని అనుకునేవాళ్ళం. పట్టదు. ఒక మాత్ర వేసుకోగానే హెప్సిడిన్ అనే హార్మోన్ పెరిగి, దాదాపు ఒక రోజు పాటు పేగు తలుపులు ఓరగా మూస్తుంది. అందుకే ఇప్పుడు రోజుకు ఒకటి, కొందరికి రోజు విడిచి రోజు ఇస్తున్నాం. కడుపులో వికారమూ తగ్గుతుంది. పాలతో వద్దు, చాయ్‌తో వద్దు, కాల్షియం మాత్రతో కలిపి అసలే వద్దు. విరేచనం నల్లగా వస్తుంది, కంగారు పడకండి. నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ ఒకటో రెండో గ్రాములు పెరగాలి. మామూలు స్థాయికి వచ్చాక మరో మూడు నెలలు వాడాలి, ఎందుకంటే అప్పటిదాకా గిన్నె నిండింది గానీ డబ్బా ఖాళీగానే ఉంటుంది. ఆ డబ్బాలో ఎంత ఉందో చెప్పేది ఫెరిటిన్ పరీక్ష. మాత్ర పడనివాళ్ళకు, గర్భం ఆఖరి నెలల్లో ఉన్నవాళ్ళకు నరం ద్వారా ఇచ్చే ఐరన్ ఉంది. "బలానికి సెలైన్" వేరు, ఇది వేరు. సెలైన్‌లో బలమేమీ ఉండదు, ఉప్పు నీళ్ళే.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. కొత్తగా ప్రాక్టీసు పెట్టిన రోజులు. అరవైకి దగ్గర పడిన ఒక పెద్దమనిషి వచ్చాడు. ఆయాసం, హిమోగ్లోబిన్ తొమ్మిది, ఐరన్ తక్కువ. మాత్రలు రాశాను. రెండు నెలలకు పన్నెండు దాటింది, ఆయనా సంతోషం, నేనూ సంతోషం. స్వీట్ల పెట్టె కూడా తెచ్చాడు. ఏడాది తర్వాత మళ్ళీ వచ్చాడు, ఈసారి బరువు తగ్గి. పెద్దపేగులో క్యాన్సర్. ఆ పుండు నుంచి రోజూ కంటికి కనబడనంత రక్తం కారుతూ ఉంది, ఐరన్ తగ్గింది అందుకే. బహిష్టు లేని మనిషికి ఐరన్ ఎటు పోయిందని నేను అడగలేదు. లీకు ఎక్కడుందో చూడకుండా ట్యాంకు నింపాను. మగవాళ్ళకు, బహిష్టు ఆగిన ఆడవాళ్ళకు ఐరన్ తగ్గితే గొట్టంతో కడుపు, పెద్దపేగు లోపల చూసే ఎండోస్కోపీ, కొలనోస్కోపీ మాట ఎత్తకుండా ఇప్పుడు నేను చీటీ రాయను. మీ డాక్టరు ఎత్తకపోతే మీరు ఎత్తండి.

వంశం సంగతికి వస్తాను. సీబీపీ, అంటే రక్తకణాలన్నీ లెక్కపెట్టే పరీక్ష, దాని రిపోర్టు మీ అందరి ఇళ్ళల్లో ఉంటుంది. అందరూ మొదటి లైను చూసి మడిచి పెట్టేస్తారు. కొంచెం కిందకి దిగండి. ఎమ్‌సీవీ అని ఉంటుంది, అంటే ఎర్రకణం సైజు. 80 నుంచి 100 మధ్య మామూలు. ఐరన్ తగ్గితే కణం చిన్నదవుతుంది. బీ12, ఫోలిక్ యాసిడ్ అనే విటమిన్లు తగ్గితే పెద్దదవుతుంది. తలసేమియా, అంటే హిమోగ్లోబిన్ సరిగ్గా తయారుకాని వంశపారంపర్య జబ్బు, దాని జన్యువు ఒకటి మోస్తున్నవాళ్ళలోనూ చిన్నదే. మరి చిన్న కణం కనబడితే ఐరనా, తలసేమియానా? దానికి ఒక కిటుకుంది. ఎమ్‌సీవీని ఎర్రకణాల కౌంటుతో భాగించండి. ఎమ్‌సీవీ 68, కౌంటు 3.8 అనుకోండి, దాదాపు 18 వస్తుంది. పదమూడు దాటితే ఐరన్ లోపం వైపు మొగ్గు. ఎమ్‌సీవీ 64, కౌంటు 5.9 అయితే పదకొండు లోపే. అది తలసేమియా వైపు మొగ్గు. కారణం ఉంది. ఐరన్ లేని ఫ్యాక్టరీలో సరుకు చిన్నది, సంఖ్యా తక్కువే. తలసేమియా ఫ్యాక్టరీలో సరుకు చిన్నది గానీ లెక్కకు బోలెడు. ఇది ఖాయం చేసే పరీక్ష కాదు, అనుమానానికి దారి మాత్రమే. ఖాయం చేసేది హెచ్‌పీఎల్‌సీ, అంటే హిమోగ్లోబిన్‌లోని రకాలను వేరుచేసి కొలిచే పరీక్ష. అందులో హిమోగ్లోబిన్ ఏ2 మూడున్నర శాతం దాటితే సాధారణంగా ఒక జన్యువు ఉన్నట్టు.

ఒక్క జన్యువు ఉన్నవాళ్ళకు జబ్బు లేదు. నా మాట సరిగ్గా వినండి, జబ్బు లేదు. పది, పదకొండు గ్రాములతో హాయిగా బతుకుతారు. కాకపోతే పదిహేనేళ్లుగా టానిక్కులు తాగుతూ ఉంటారు, పనికిరాకుండా. భార్యాభర్తలిద్దరికీ ఆ జన్యువు ఉంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు రెండు జన్యువులూ వచ్చి జబ్బు పట్టే ప్రమాదం నాలుగింట ఒక వంతు. అలా పుట్టిన బిడ్డకు ఆరు నెలలు, ఏడాది మధ్యలో రక్తం తగ్గడం మొదలవుతుంది. ఆ తర్వాత రెండు, మూడు, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. ప్రతి బ్యాగులోనూ 200 మిల్లీగ్రాములకు పైగా ఐరన్ ఉంటుంది. మన ఒంటికి అదనపు ఐరన్‌ను బయటకు పంపే దారి లేదు. అది గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది, దాన్ని తీయడానికి రోజూ వేరే మందు. ఐరన్ లేక బాధపడే పిల్ల పక్క మంచం మీదే ఐరన్ ఎక్కువై బాధపడే పిల్ల. ఇద్దరికీ రిపోర్టులో హిమోగ్లోబిన్ తక్కువే.

మనలో మేనరికాలు ఉన్నాయి. నేను తప్పు పట్టడం లేదు, మా అమ్మానాన్నలదీ మేనరికమే. ఒకే తాత జన్యువు రెండు వైపుల నుంచీ వచ్చి ఒకచోట కలిసే అవకాశం అందులో ఎక్కువ, అంతే. జాతకాలు కలిపేటప్పుడు ఈ రక్తపరీక్ష కాగితం కూడా కలపండి. ఇద్దరికీ ఉందని తేలితే పెళ్ళి మానేయాలని ఎవరూ అనడం లేదు. గర్భం మూడో నెలలో బిడ్డకు జబ్బు వచ్చిందో లేదో చూసే పరీక్ష ఉంది, మన హైదరాబాద్‌లోనే చేస్తారు. శివరాంపల్లిలో 1998 నుంచి తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ నడుస్తోంది, పిల్లలకు రక్తం ఎక్కించే చోటు అది. ఒక్కసారి వెళ్ళి చూడండి. బొమ్మలతో ఆడుకుంటూ చేతికి బ్యాగు తగిలించుకుని కూర్చుంటారు. వేసవిలో కాలేజీలకు సెలవులు, రక్తదాన శిబిరాలు తగ్గుతాయి. ఆ రెండు నెలలు వాళ్ళకు గండం.

సికిల్ సెల్ గురించి క్లుప్తంగా. నగరంలో తక్కువ, ఆదిలాబాద్ వైపు, గోదావరి ఒడ్డు గిరిజన ప్రాంతాల్లో ఎక్కువ. ఎర్రకణం కొడవలి ఆకారంలో వంకరపోయి సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది, ఎముకలు విరిగినంత నొప్పి. హైడ్రాక్సీయూరియా అనే చవక మందు ఆ నొప్పులను బాగా తగ్గిస్తుంది. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన కార్యక్రమంలో నలభై ఏళ్లలోపు ఏడు కోట్ల మందికి పరీక్షలు చేయాలని లక్ష్యం. మీ ఇంట్లో పనిచేసే అమ్మాయో, వాచ్‌మన్ పిల్లాడో ఆ ప్రాంతం నుంచి వచ్చి తరచూ ఒళ్ళునొప్పులంటే, నాటకాలనుకోకండి.

ఇక మీరంతా ఎదురుచూస్తున్నది. ప్లేట్‌లెట్లు. రక్తం గడ్డకట్టడానికి సాయపడే కణాలివి. ఆగస్టులో డెంగీ మొదలైందంటే నా ఫోన్ ఆగదు. "మేడం, ఎస్‌డీపీ కావాలి, బీ పాజిటివ్, అర్జెంట్." ఎస్‌డీపీ అంటే ఒక్క దాత నుంచి తీసిన ప్లేట్‌లెట్లు. ఒకాయన రోజుకు మూడుసార్లు కౌంటు చేయించి క్రికెట్ స్కోరులా గ్రూపులో పెట్టాడు. లక్షా పది, ఎనభై, నలభై రెండు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. పేషెంటు మాత్రం మంచం మీద కూర్చుని ఇడ్లీ తింటున్నాడు!

డెంగీలో ప్రాణం తీసేది చాలాసార్లు ప్లేట్‌లెట్ కాదు. రక్తనాళాల గోడలు లీకై రక్తంలోని నీరు బయటకు జారిపోవడం. అందుకే మేము ప్లేట్‌లెట్ పక్కనే ఉండే హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, చూస్తాం. నీరు పోతే రక్తం చిక్కబడుతుంది, ఆ అంకె పెరుగుతుంది. ఇంకో చిక్కు, ఈ ప్రమాదం జ్వరం దిగుతున్నప్పుడు వస్తుంది. "జ్వరం తగ్గింది, గండం గడిచింది" అని ఇంటికి తీసుకెళ్ళే రోజే అది. కడుపునొప్పి, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, చిగుళ్ళ నుంచి రక్తం, మత్తుగా పడుకోవడం, ఇవి చూడండి. ఒళ్ళునొప్పులకు పారాసెటమాల్ తప్ప బ్రూఫెన్, డిక్లోఫెనాక్ జోలికి పోకండి.

రక్తస్రావం లేని మనిషికి కౌంటు పదివేలకు దిగేదాకా మామూలుగా ప్లేట్‌లెట్లు ఎక్కించనక్కర్లేదు. ఎక్కించినవి ఎక్కువసేపు నిలవవు కూడా. మరి బొప్పాయి ఆకు రసం? అది తాగే రోజు ఏది? జ్వరం వచ్చిన ఐదో రోజో, ఆరో రోజో, కౌంటు బాగా పడ్డాక. ఏమీ తాగకపోయినా ఆ తర్వాత రెండు మూడు రోజుల్లో అదే లేస్తుంది. కాకి వాలింది, తాటికాయ పడింది. కాకికి దండ వేస్తున్నాం.

అన్నట్టు, జ్వరమే లేకుండా ఉన్నట్టుండి కౌంటు ముప్పై వేలని వస్తే, ముందు రిపోర్టును అనుమానించండి. ఊదారంగు మూత ట్యూబులో ఉండే మందుకు కొందరి ప్లేట్‌లెట్లు గుత్తులుగా అతుక్కుపోతాయి. మిషన్ గుత్తిని ఒకటిగా లెక్కపెడుతుంది. ఒక అమ్మాయికి ఈ కారణంతోనే, ఆ ఆసుపత్రి పేరు అనవసరం, అపెండిక్స్ ఆపరేషన్ ఆపేసి ప్లేట్‌లెట్లు తెమ్మని బంధువులను పరుగులు పెట్టించారు. గాజుపలక మీద చుక్క రక్తం పూసి మైక్రోస్కోపు కింద చూస్తే గుత్తులు కనబడుతున్నాయి. నీలిమూత ట్యూబులో మళ్ళీ తీస్తే రెండు లక్షలు. ఎన్ని మిషన్లు వచ్చినా ఆ గాజుపలకను, మేము స్మియర్ అంటాం, చూసే కన్ను కావాలి.

బీ12 గురించి చెప్పకుండా ఈ ఊళ్లో రక్తం గురించి మాట్లాడలేం. శాకాహారులు, ఏళ్ల తరబడి షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్ళు, గ్యాస్ మాత్రను పొద్దున్నే ప్రసాదంలా వేసుకునేవాళ్ళు జాగ్రత్త. అరికాళ్ళలో తిమ్మిరి, చెప్పు జారిపోయినా తెలియకపోవడం, మతిమరుపు. ఒక్కోసారి మూడు రకాల కణాలూ పడిపోయి బ్లడ్ క్యాన్సరేమో అన్నంత భయపెడుతుంది, తీరా బీ12 ఇంజెక్షన్లతో కోలుకుంటారు. ఇక్కడ ఒక మోసం ఉంది. బీ12 తక్కువైనవాళ్ళకు ఫోలిక్ యాసిడ్ ఒక్కటే ఇస్తే రక్తం పెరుగుతుంది, నరాలు మాత్రం దెబ్బతింటూనే ఉంటాయి. అంకె బాగుపడుతుంది, మనిషి పాడవుతాడు.

ఫోలిక్ యాసిడ్ అన్నాను కాబట్టి మన భీమవరం ఆయన గురించి చెప్పాలి. 1920ల చివర్లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను చూసింది. ఈస్టుతో చేసే మార్మైట్ అనే ముద్ద తినిపిస్తే వాళ్ళు కోలుకున్నారు. అందులో ఉన్న పదార్థమేదో తర్వాత తేలింది, అదే ఫోలిక్ యాసిడ్. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి అమెరికాలో నాయకత్వం వహించింది 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. రక్తం పెంచుతుంది కదా అని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్, ఉన్న పిల్లలకు ఫోలిక్ యాసిడ్ రకం మందు ఇచ్చి చూశాడు. జబ్బు మరింత ఎగదోసినట్టు కనిపించింది. అక్కడ ఆయన ఆగి, ఎందుకు అని అడిగాడు. క్యాన్సర్ కణాలకు ఇది తిండి అయితే, ఆ తిండిని అడ్డుకునే మందు కావాలి కదా? ఆ అడ్డు మందు అమినోప్టెరిన్, సుబ్బారావు బృందమే తయారుచేసి ఇచ్చింది. 1948లో ఫార్బర్ ఫలితాలు ప్రకటించాడు, లుకేమియా కొన్నాళ్లయినా వెనక్కి తగ్గుతుందని మొదటిసారి లోకానికి తెలిసింది. అదే ఏడాది సుబ్బారావు పోయారు. ఆ మందుకు తమ్ముడు మెథోట్రెక్సేట్, ఇవాళ్టికీ పిల్లల లుకేమియాలో వాడుతున్నాం. అప్పట్లో వారాల్లో పోయే పిల్లలు, మంచి వైద్యం అందినచోట ఇప్పుడు పదిమందిలో ఎనిమిది మందికి పైగా బతుకుతున్నారు.

తగ్గని జ్వరం, ఒంటి మీద ఊదారంగు మచ్చలు, చిగుళ్ళ నుంచి రక్తం, మెడలో గడ్డలు, ఇవి కలిస్తే ఆలస్యం వద్దు. పెద్దవయసులో రక్తహీనతతో పాటు వదలని నడుమునొప్పి, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగడం ఉంటే మైలోమా అనే ఎముక మజ్జ క్యాన్సర్ ఉందేమో చూడాలి. నడుమునొప్పికి బెల్టు కట్టుకుని ఏడాది గడిపి వచ్చినవాళ్ళు ఉన్నారు. రక్తం సరిగ్గా గడ్డకట్టని హీమోఫీలియా గురించి చెప్పాలనుకున్నాను గానీ గడియారం చూపిస్తున్నారు. ఎవరైనా అడగాలనుకుంటే అడగండి.

(ఒక పెద్దాయన: డాక్టరమ్మా, మా మనవరాలి రిపోర్టు జేబులోనే ఉంది. హిమోగ్లోబిన్ 10.4. మీరు చెప్పిన ఎమ్‌సీవీ 63. ఏడాదిగా ఐరన్ వాడుతోంది, పెరగడం లేదు.)

ఎర్రకణాల కౌంటు ఎంతుందో చూడండి.

(5.8 అమ్మా.)

భాగించండి. పదకొండు లోపే కదా. ఈ మధ్య రక్తం ఏమైనా ఎక్కించారా? లేదా, మంచిది, ఎక్కిస్తే పరీక్ష తారుమారవుతుంది. ఫెరిటిన్, హెచ్‌పీఎల్‌సీ రెండూ చేయించండి. ఫలితం వచ్చేదాకా టానిక్ ఆపేయండి. పెళ్ళి వయసేనా?

(వచ్చే నెల నిశ్చితార్థం. అబ్బాయి మా కూతురి కొడుకే.)

అలాగా. అయితే అమ్మాయి ఒక్కతే కాదు, రేపు పొద్దున్న ఇద్దరినీ కలిపి పంపండి. పరగడుపున అక్కర్లేదు, టిఫిన్ తినే రమ్మనండి.